పెన్షన్ కౌంటర్‌లో నేను చూసిన యుద్ధాలు

మా పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ మిలట్రీలో చేరినవాళ్ళు ఒక్కరూ లేరు. నేను యుద్ధం చూసినదాన్ని కాదు. అయినా టీవీలో ఎవరైనా "ఈసారి ఒక్క దెబ్బతో తేల్చేయాలి" అని ఊగిపోతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. తేల్చేసిన తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు. బ్యాంకులో నా సర్వీసు చాలా భాగం పెన్షన్ కౌంటర్ దగ్గరే గడిచింది. అదీ పశ్చిమ గోదావరిలో, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల బ్రాంచీల్లో. అక్కడ పని చేసిన బ్యాంకు వాళ్ళని, పోస్టాఫీసు వాళ్ళని అడగండి, ఒకటో తారీకు వచ్చే జనంలో మిలట్రీ పెన్షన్ల వాళ్ళు ఎంతమంది ఉంటారో చెబుతారు.

గూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. అందరూ మిలిటరీ మాధవరం అనే అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆ ఒక్క ఊరి నుంచే 90 మంది, రెండోదానికి 1,100 మందికి పైగా వెళ్ళారని ఊరివాళ్ళు చెబుతారు. వాళ్ళ గుర్తుగా కట్టిన స్తంభం ఊళ్ళో ఉంది. ఆ గాలి చుట్టుపక్కల ఊళ్ళకి కూడా తగిలింది. సుబేదారు గారి ఇల్లు, హవల్దారు గారి కోడలు, నాయక్ గారి చిన్నబ్బాయి అంటూ గుర్తులు చెప్పుకునేవాళ్ళు. నేను ఇక్కడ రాసే మనుషుల పేర్లు గానీ ఊళ్ళు గానీ రాయను. వాళ్ళ సంగతులు నాకు ఉద్యోగం వల్ల తెలిశాయి, వాళ్ళు నన్ను నమ్మి చెప్పుకున్నవి.

నేను చేరిన కొత్తలో రెండో ప్రపంచ యుద్ధం నాటి వాళ్ళు ఇంకా బాగానే తిరుగుతుండేవాళ్ళు. యుద్ధం అయిపోగానే 1946 ప్రాంతంలో ఇంటికి పంపేసిన వాళ్ళలో చాలామందికి పెన్షన్ లేదు. జిల్లా సైనిక బోర్డు ద్వారా వచ్చే సాయం కోసం ఖాతా తెరిచేవాళ్ళు. బర్మాలో పని చేసి వచ్చిన ఒక తాతగారు ఉండేవారు. తన గురించి ఎప్పుడూ చెప్పేవారు కాదు. అడిగితే తన మేనమామ గురించి చెప్పేవారు. ఆయన మొదటి యుద్ధంలో బస్రా వెళ్ళారట, తిరిగి రాలేదట. "ఎక్కడో ఒకచోట రాయి మీద పేరుంటుంది కదమ్మా" అనేవారు. చాలా ఏళ్ళ తర్వాత, ఆ తాతగారు పోయాక, నేను బస్రా స్మారకం గురించి చదివాను. 1929లో బ్రిటిష్ వాళ్ళు ప్రారంభించిన ఆ కట్టడం మీద సమాధి దొరకని 40 వేల మందికి పైగా సైనికుల్ని స్మరించుకున్నారు. తెల్లవాళ్ళ పేర్లు చెక్కారు, మన ఆఫీసర్ల పేర్లు చెక్కారు. మామూలు భారతీయ సిపాయిలకి మాత్రం పేరు లేదు. రెజిమెంటు పేరు కింద ఎంతమందో అంకె వేసి ఊరుకున్నారు. ఆయన ఉండగా నాకు ఈ సంగతి తెలియకపోవడమే మంచిదైంది. తెలిసినా చెప్పగలిగేదాన్ని కాదు.

మా కౌంటర్ పని ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి. కంప్యూటర్లు రాక ముందు ప్రతి పెన్షనర్‌కీ పీపీఓ, అంటే పెన్షన్ ఇమ్మని చెప్పే ఆర్డరు పుస్తకం, రెండు భాగాలుగా ఉండేది. ఒక భాగం బ్యాంకులో, ఇంకోటి పెన్షనర్ చేతిలో. డబ్బు ఇచ్చిన ప్రతిసారీ రెండింట్లోనూ రాయాలి. డిఫెన్స్ వాళ్ళవి అలహాబాద్ నుంచి వచ్చేవి. ఫైలు తెరిస్తే ఎత్తు, పుట్టుమచ్చలు, వేలిముద్రలు, ఫొటో. ఫ్యామిలీ పెన్షన్ అయితే భర్త నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, చనిపోయిన తేదీ. ఆ తేదీ చూస్తే చాలు, ఏ యుద్ధమో చెప్పగలిగేదాన్ని. 1962 అక్టోబర్, నవంబర్ అంటే చైనా. 1965 సెప్టెంబర్ అంటే పాకిస్తాన్. 1971 డిసెంబర్ మొదటి పక్షం అంటే బంగ్లాదేశ్ యుద్ధం. 1987 అక్టోబర్ తర్వాతవి శ్రీలంక. ఆ కాగితాల్లోనే భార్య పుట్టిన తేదీ కూడా ఉండేది. రెండు తేదీలకి తేడా తీస్తే పంతొమ్మిది, ఇరవై ఒకటి, ఇరవై మూడు. తలెత్తి చూస్తే కౌంటర్ అవతల నిలబడిన ఆవిడకి అరవై దాటి ఉండేవి.

1971 యుద్ధం డిసెంబర్ 3న మొదలై 16న ముగిసింది. మన వైపు 3,800 మందికి పైగా చనిపోయారు, దాదాపు పది వేల మంది గాయపడ్డారు. పిల్లల పాఠాల్లో ఇంతవరకే ఉంటుంది. ఆ రెండు వారాల ఖాతా మాత్రం నేను రిటైరయ్యేనాటికి కూడా మా బ్రాంచిలో నడుస్తూనే ఉంది. ఈ నెల ఇచ్చాం, వచ్చే నెల ఇవ్వాలి, డీఏ పెరిగితే ఎరియర్స్ లెక్కకట్టాలి. యుద్ధం ఖర్చు అంటే తుపాకులు, విమానాలు అనుకునేవాళ్ళు ఒక నెల ఆ లెడ్జర్ రాసి ఉంటే బాగుండేది అనిపిస్తుంది నాకు.

నవంబర్ వస్తే లైఫ్ సర్టిఫికేట్ల రద్దీ. పెన్షనర్ బతికే ఉన్నారని ఏడాదికోసారి చూసి రాసుకోవాలి. ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే ఆడవాళ్ళ దగ్గర దాంతోపాటు ఇంకో సంతకం కూడా తీసుకునేవాళ్ళం. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదని. ఒక ఏడాది ఒక మామ్మగారు వచ్చారు. చూపు ఆనదు, మనవడు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. కాగితం ముందు పెడితే "ఇదేంటి అమ్మాయిగారూ, కొత్తదా?" అన్నారు.

"కాదు మామ్మగారూ, ఏటేటా ఇచ్చేదే. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదని."

ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. "లేదమ్మా, చేసుకోలేదు" అని ఎవరో నిజంగానే అడిగినట్టు జవాబు చెప్పి, బొటనవేలు ఇంకు ప్యాడ్ మీద ఆనించారు. మనవడికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వేలు తుడుచుకోవడానికి నేను ఇచ్చిన గుడ్డ ముక్క అప్పటికే నల్లగా అయిపోయి ఉంది. ఆవిడ దాన్ని వద్దని చీర కుచ్చిళ్ళ లోపలివైపు తుడుచుకున్నారు.

ఇక చైనా యుద్ధం. నా మనసులోంచి పోని మనిషి ఆ యుద్ధం తాలూకు ఆవిడే. మొదటిసారి కౌంటర్ దగ్గరికి వచ్చినప్పుడు నేను ఆ సీటుకి కొత్త. నుదుట రూపాయి కాసంత కుంకుమ, మెళ్ళో నల్లపూసలు, చేతులకి ఎర్ర గాజులు. పీపీఓ చూస్తే ఫ్యామిలీ పెన్షన్. ఎవరి పుస్తకమో తెచ్చిందేమో అనుకుని ఫొటోతో పోల్చి చూశాను. ఆవిడే. ఫొటోలో కూడా బొట్టుతోనే ఉంది. మా హెడ్ క్లర్క్ గారు వెనక నుంచి మెల్లగా "ఇచ్చేయమ్మా, ఆవిడదే" అన్నారు.

తర్వాత కొన్నేళ్ళకి, క్యాష్ రావడం ఆలస్యమై అందరూ బెంచీల మీద కూర్చుండిపోయిన ఒక మధ్యాహ్నం ఆవిడే చెప్పింది. పెళ్ళయిన ఏడాదికి ఆయన్ని నేఫా వైపు, అంటే ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్ వైపు, పంపారట. ఒక ఉత్తరం వచ్చిందట. ఇక్కడ చలి విపరీతంగా ఉంది, ఇచ్చిన బట్టలు సరిపోవడం లేదు, నాన్నకి చెప్పకు అని. ఆ తర్వాత వచ్చింది తంతి. కనపడటం లేదని. చనిపోయారని కాదు, కనపడటం లేదని. 1963లో చైనా వాళ్ళు మన ఖైదీల్ని వదిలిపెడుతున్నారని తెలిసి మావగారు రోజూ గూడెం స్టేషన్‌కి నడిచి వెళ్ళేవారట. హౌరా వైపు నుంచి వచ్చే బండి చూసుకుని, అందరూ దిగిపోయాక వెనక్కి వచ్చేవారట. ఎండలు ముదిరాక కూడా వెళ్ళారట.

కొన్నాళ్ళకి చనిపోయినట్టు భావిస్తున్నామని కాగితం వచ్చింది. పెద్దవాళ్ళు కూర్చుని, ఇంక కార్యక్రమం చేసేయాలి, పిల్లకి పసుపు కుంకుమలు తీసేయాలి అన్నారు. అప్పుడు అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారట. "నా కొడుకు శవాన్ని చూపించండి. చూపించినాక దీని బొట్టు నేనే తీస్తాను. అప్పటిదాకా ఎవరైనా దీని మీద చెయ్యి వేస్తే ఊరుకోను" అన్నారట. కన్నతల్లి ఆ మాట అన్నాక ఇంకెవరు మాట్లాడతారు?

"అత్తగారు అలాగ అనబట్టి నేను బతికానండి అమ్మాయిగారూ" అంది ఆవిడ. "కానీ ఊళ్ళో వాళ్ళకే ఇబ్బంది అయిపోయింది. పేరంటానికి నన్ను పిలవాలో వద్దో వాళ్ళకి తెలిసేది కాదు. పిలిచేవాళ్ళు కాదు. అలాగని పొద్దున్నే ఎదురొస్తే మొహం తిప్పుకునేవాళ్ళూ కాదు. పెళ్ళిళ్ళకి వెళ్తే నేనే వెనకాల వంటల దగ్గర కూర్చునేదాన్ని."

కాసేపాగి ఇంకో మాట అడిగింది. "ఈ డబ్బు తీసుకుంటే ఆయన పోయారని ఒప్పుకున్నట్టేనా అండీ?"

నేను చిన్నదాన్ని. రూల్ ప్రకారం అయితే అవును అనే చెప్పాలి. "లేదు పిన్నిగారూ, అది ఆయన జీతం లాంటిదే" అన్నాను.

"నేనూ అలాగే అనుకుని తీసుకుంటున్నానండి" అంది.

ప్రభుత్వం లెక్కల్లో 1962లో చనిపోయినవాళ్ళు 1,383 మంది. కనపడకుండా పోయినవాళ్ళు 1,696 మంది. చైనాకి ఖైదీలుగా చిక్కినవాళ్ళు 3,968 మంది. చనిపోయినవాళ్ళ కంటే కనపడనివాళ్ళే ఎక్కువ అన్న సంగతి ఆ లెక్క చూసేదాకా నాకూ తెలియదు. అంటే దేశంలో ఇంకా ఎన్ని ఇళ్ళలో, ఏ భాషలో, ఎంతమంది అత్తగార్లు గుమ్మాలకి అడ్డం నిలబడ్డారో. ఎన్ని ఇళ్ళలో ఎవరూ నిలబడలేదో.

ఆవిడకి పిల్లలు లేరు. పోయినప్పుడు డెత్ సర్టిఫికేట్ తమ్ముడి కొడుకు తెచ్చి ఇచ్చాడు. ఆవిడ ఫైలు మూసింది నేనే. పసుపు రాసి, కొత్త చీర కట్టి, ముత్తైదువగానే సాగనంపామని ఆ అబ్బాయి నేను అడగకుండానే చెప్పాడు.

నా చిన్నతనం విశాఖపట్నంలో గడిచింది. 1971లో మేము అక్కడే ఉన్నాం, నాన్నగారు పోర్టులో గుమస్తా. కిటికీ అద్దాలకి నల్ల కాగితాలు అంటించాం. సైరన్ మోగితే దీపాలు ఆర్పి మంచాల కింద దూరేవాళ్ళం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేసినప్పుడు జనం ఊరు వదిలి ఎడ్లబళ్ళ మీద పోయిన సంగతులు నాయనమ్మ ఆ చీకట్లోనే చెప్పేది. మాకు అదంతా భలే సరదాగా ఉండేది. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటిన తర్వాత సముద్రం వైపు నుంచి పెద్ద చప్పుడు వచ్చింది, కిటికీలు అదిరాయి. తర్వాత తెలిసింది, హార్బర్ ముఖద్వారం బయట పాకిస్తాన్ సబ్‌మెరీన్ ఘాజీ మునిగిపోయిందని. మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చిందట. వీధిలో మిఠాయిలు పంచారు. నేనూ రెండు తిన్నాను. ఇప్పుడు ఆర్‌కే బీచ్‌లో ఆ గెలుపు గుర్తుగా విక్టరీ ఎట్ సీ స్తూపం ఉంది, 1996లో పెట్టారు.

ఘాజీ వచ్చింది మన ఓడని ముంచడానికే. అది మునిగినందుకు మనవాళ్ళు బతికారు, అందులో నాకు రెండో మాట లేదు. కానీ పెన్షన్ సీట్లో కూర్చున్నాక ఆ రాత్రి గురించి నా ఆలోచన మారింది. ఘాజీలో 93 మంది ఉన్నారు, ఒక్కరూ బయటపడలేదు. ఐదు రోజులకి, డిసెంబర్ 9న, అరేబియా సముద్రంలో మన యుద్ధనౌక ఖుక్రీని వాళ్ళ సబ్‌మెరీన్ ముంచేసింది. 190 మందికి పైగా పోయారు. ఖుక్రీ వాళ్ళ భార్యలకి మన దేశంలో ఏదో ఒక బ్రాంచిలో నాలాంటి మనిషి నెలనెలా డబ్బు లెక్కపెట్టి ఇచ్చి ఉంటుంది. కరాచీలో కూడా ఎవరో ఒక గుమస్తా ఘాజీ వాళ్ళ భార్యలకి ఇచ్చి ఉంటాడు. అతని కౌంటర్ ముందు కూడా ఇరవై ఏళ్ళకే ఒంటరైన ఆడవాళ్ళు ముసలివాళ్ళయ్యేదాకా నిలబడి ఉంటారు. ఈ మాట నేను ఒకసారి ఒక ఫంక్షన్‌లో అంటే ఒకాయనకి కోపం వచ్చింది. ఆ పక్కనే కూర్చున్న రిటైర్డ్ సుబేదారు గారికి మాత్రం రాలేదు. ఆయన తల ఊపి ఊరుకున్నారు.

చనిపోయినవాళ్ళ లెక్క ఎలాగోలా దొరుకుతుంది. గాయపడినవాళ్ళ లెక్క ఒక్క అంకెతో అయిపోతుంది, తర్వాత ఎవరూ అడగరు. ఫిరంగుల రెజిమెంటులో పని చేసిన ఒకాయన మా దగ్గరికి వచ్చేవారు. 1971లో వరసగా రోజుల తరబడి గుళ్ళు పేల్చి పేల్చి వినికిడి పోయింది. మెడికల్ బోర్డు సర్వీసుకి పనికిరారని తేల్చి ఇంటికి పంపారు. చూడ్డానికి ఏమీ తేడా ఉండదు, చేతులు కాళ్ళు అన్నీ ఉన్నాయి. అదే ఆయన కష్టం. వైకల్యానికి శాతం కడతారు, కొన్నేళ్ళకోసారి మళ్ళీ మెడికల్ బోర్డు ముందుకి వెళ్ళాలి. ఇరవై కంటే తగ్గిందని రాస్తే డిజేబిలిటీ కింద ఇచ్చే భాగం ఆగిపోతుంది. ఆయనకి అలాగే ఆగిపోయింది. ఆ కాగితం మాకు వచ్చిన నెల, తగ్గిన డబ్బు చేతిలో పెట్టాల్సింది నేనే.

ఆయనకి తన గొంతు తనకి వినపడదు కాబట్టి బ్యాంకు అదిరిపోయేలా మాట్లాడేవారు. "నా బ్యాలెన్స్ ఎంతమ్మా?" అంటే గేటు బయట సైకిల్ స్టాండు దగ్గరికి కూడా వినపడేది. మేము కాగితం మీద రాసి చూపించేవాళ్ళం. ఆ రోజు "ఎందుకు తగ్గింది?" అని అరిచారు. నేను రాశాను. చదువుకున్నారు. ఇంకోసారి చదువుకున్నారు. "మరి నాకు ఇప్పుడు వినపడుతున్నట్టా?" అన్నారు, మొదటిసారి చిన్న గొంతుతో. హాల్లో ఎవరూ మాట్లాడలేదు. వాళ్ళావిడ ముందుకు వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళింది. ఆవిడ గొంతు బొంగురుగా ఉంటుంది. "ఆయనకి వినపడాలని పెళ్ళైన దగ్గర్నుంచి అరుస్తూనే ఉన్నానండి, నా గొంతు ఇలాగైపోయింది" అని ఇంకోసారి చెప్పింది. ఆ గొంతుకి ఏ బోర్డూ శాతం కట్టలేదు. తర్వాత అప్పీలు పెట్టుకున్నారు. మా బ్రాంచిలో ఒక కుర్రాడు దగ్గరుండి రాసిపెట్టాడు. చాలా కాలం పట్టింది గానీ వచ్చింది.

శ్రీలంక వెళ్ళినవాళ్ళ సంగతి ఇంకో రకం. 1987 జులైలో మన సైన్యం శాంతి కోసమని వెళ్ళింది, 1990 మార్చిలో తిరిగి వచ్చింది. మధ్యలో దాదాపు 1,200 మంది చనిపోయారు. తిరిగొచ్చిన వాళ్ళకి మద్రాసులో స్వాగతం చెప్పడానికి అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి వెళ్ళలేదు. రాజకీయంగా ఎవరి కారణాలు వాళ్ళకి ఉండొచ్చు. కానీ చనిపోయినవాళ్ళ ఇళ్ళకి దానివల్ల ఏమైందంటే, చుట్టుపక్కల ఎవరికీ అది యుద్ధంలా అనిపించలేదు. "ఏదో శాంతి సేన అన్నారు కదా, ఎలా పోయాడు?" అని అడిగేవాళ్ళు.

అలా భర్త పోయిన ఒకమ్మాయి చంకలో పిల్లాడితో వచ్చేది. నాకంటే బాగా చిన్నది, అక్కా అని పిలిచేది. డబ్బు తీసుకునే రోజు ఎప్పుడూ మావగారు వెంట ఉండేవాడు. ఒక్కసారి మాత్రం ఒంటరిగా వచ్చి, కౌంటర్ ఖాళీ అయ్యేదాకా కూర్చుని అడిగింది.

"మరిదిని చేసుకుంటే పెన్షన్ ఉంటుందంట, బయటివాళ్ళని చేసుకుంటే ఆగిపోద్దంట. నిజమేనా అక్కా?"

అప్పటి రూల్ అదే. నిజమేనని చెప్పాను.

"వాడు నేను కాపురానికి వచ్చేటప్పటికి ఏడో తరగతి అక్కా. వాడికి అన్నం కలిపి పెట్టేదాన్ని" అంది.

ఆ రూల్ రాసినవాళ్ళ ఉద్దేశం ఆ ఇంటి డబ్బు ఆ ఇంట్లోనే ఉండాలని అయ్యుంటుంది. కానీ ఇరవై ఏళ్ళ పిల్ల జీవితాన్ని ఆస్తి పంపకంలా చూడటం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఆ అమ్మాయి మరిదినీ చేసుకోలేదు, ఎవరినీ చేసుకోలేదు. అంగన్‌వాడీలో చేరింది. కొడుకుని డిగ్రీ చదివించింది. శౌర్య పతకాలకి ఇచ్చే భత్యం విషయంలో మరిదినే చేసుకోవాలన్న షరతును కేంద్రం 2017లో తీసేసిందని పేపర్లో చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ అమ్మాయే. అప్పటికి ఆమె జుట్టు నెరిసిపోయింది.

1999లో కార్గిల్ యుద్ధం వచ్చేసరికి ఇంట్లో టీవీలున్నాయి. అంతకు ముందు యుద్ధాల్లో చనిపోయినవాళ్ళని చాలావరకు అక్కడే దహనం చేసేవాళ్ళు, ఇంటికి వచ్చేది తంతి, తర్వాత ఎప్పుడో ఒక ట్రంకు పెట్టె. కార్గిల్‌తో శవపేటికలు ఊళ్ళకి రావడం మొదలైంది. 527 మంది. హైదరాబాద్ నుంచి వెళ్ళిన మేజర్ పద్మపాణి ఆచార్య జూన్ 28న చనిపోయారు, అప్పటికి ఆయన భార్య గర్భవతి. మహావీర్ చక్ర ఇచ్చారు. జనం దారుల వెంట నిలబడ్డారు, విరాళాలు ఇచ్చారు, మా బ్యాంకు స్టాఫ్ అందరం ఒకరోజు జీతం ఇచ్చాం. ఆ రోజుల్లోనే పెన్షన్‌కి వచ్చిన ఒక 1965 యుద్ధం నాటి ముసలావిడ కౌంటర్ పక్కన పేపర్లో జాతీయ జెండా కప్పిన పెట్టె ఫొటో చూసి చాలాసేపు అక్కడే ఉండిపోయింది. "వీళ్ళకి మొహం చూసుకునే భాగ్యం దక్కిందమ్మా" అంది. భాగ్యం అనే అంది.

ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించారు. 25,942 మంది పేర్లు గ్రానైట్ పలకల మీద చెక్కారు. 1962 వాళ్ళవి, శ్రీలంక వాళ్ళవి అన్నీ అక్కడ ఉన్నాయి. నేను రిటైరయ్యాక మా అబ్బాయి తీసుకెళ్ళాడు. ఆ గోడల మధ్య నడుస్తుంటే నాకు తెలిసిన నంబర్లు, పేర్లు కనిపించాయి. ఆ మనుషుల్ని నేనెప్పుడూ చూడలేదు, వాళ్ళ భార్యల వేలిముద్రలు మాత్రం గుర్తుపడతాను. ఒక పేరు ముందు మా అబ్బాయి నన్ను ఫొటో తీస్తానన్నాడు, వద్దన్నాను. అక్కడ ఫొటో దిగాల్సింది నేను కాదు.

ఇప్పుడు డిఫెన్స్ పెన్షన్లు చాలావరకు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి మారిపోయాయి. లైఫ్ సర్టిఫికేట్ ఫోన్లో మొహం చూపించి ఇచ్చేయొచ్చు. ముసలివాళ్ళకి వరస పట్టుకుని నిలబడే బాధ తప్పింది, మంచిదే. ఫోన్లు వాడటం రాని వాళ్ళకి నేను, నాతో పని చేసిన ఇంకో ఇద్దరం నవంబర్‌లో ఊళ్ళకి వెళ్ళి చేసి పెడుతున్నాం.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. 2025 మే నెలలో పాకిస్తాన్ కాల్పుల్లో చనిపోయిన మురళీ నాయక్ శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలంలోని తండా నుంచి వెళ్ళిన అగ్నివీర్, అంటే నాలుగేళ్ళ సర్వీసుకి తీసుకున్న సైనికుడు. టీవీలో ఆ తల్లిదండ్రుల్ని చూపిస్తుంటే నాకు పాత అలవాటు కొద్దీ ముందు ఒకటే ప్రశ్న వచ్చింది. ఈ తల్లికి నెలకి ఎంత వస్తుంది? 2022లో వచ్చిన అగ్నివీర్ పద్ధతిలో యుద్ధంలో చనిపోతే 48 లక్షల ఇన్సూరెన్స్, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన సర్వీసు జీతం, సేవా నిధి అనే పొదుపు మొత్తం ఇస్తారు. మొత్తం కోటి దాటుతుంది. రాష్ట్ర ప్రభుత్వాలు ఇచ్చేది వేరే. చిన్న మొత్తం కాదు. కానీ రెగ్యులర్ సైనికుడి ఇంటికి వచ్చినట్టు నెలనెలా ఫ్యామిలీ పెన్షన్ రాదు.

కోటి ఇచ్చాక ఇంకా పెన్షన్ ఎందుకు అని చాలామంది అంటారు. నేను ఒకేసారి పెద్ద మొత్తం వచ్చిన ఇళ్ళని చూశాను. డబ్బు పడిన వారంలోనే అప్పటిదాకా కనపడని బంధువులు వస్తారు. ఒక తల్లి ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసుకుని, ఆర్నెల్లకి దాన్ని విరగ్గొట్టమని వచ్చింది. పెద్దకొడుకు వ్యాపారానికట. నేను, మేనేజర్ గారు ఎంత చెప్పినా వినలేదు, "ఉన్నవాడు వాడొక్కడే కదమ్మా" అంది. ఆ డబ్బు పోయింది. ఆవిడని తర్వాత నిలబెట్టింది ఆ నెలసరి పెన్షనే. అది ఎవరూ ఒకేసారి అడగలేరు, అమ్మలేరు, తాకట్టు పెట్టలేరు. ఒకటో తారీకు ఆవిడ పేరునే పడుతుంది, ఆవిడే వచ్చి వేలిముద్ర వేయాలి. అత్తకి పెన్షన్ ఉన్న ఇంట్లో కోడలు అన్నం పెట్టే తీరు వేరు, లేని ఇంట్లో వేరు. కటువుగా ఉన్నా ఇది నేను చూసిన నిజం. ఆ ముసలివాళ్ళు నెలకోసారి మంచి చీర కట్టుకుని బ్యాంకుకి వచ్చి, పక్కన హోటల్లో ఇడ్లీ తిని, మనవలకి బిస్కెట్ ప్యాకెట్టు కొనుక్కుని వెళ్ళేవాళ్ళు. ఇంట్లో వాళ్ళకి లెక్క చెప్పక్కర్లేని ఒక్క రోజు అది.

మా పెన్షనర్ల సంఘం వాళ్ళు ఈ విషయం మీద ఒక వినతిపత్రం తయారు చేస్తున్నారు. నన్ను కూడా ఒక పేజీ రాయమన్నారు. నేను రాసి ఇచ్చింది ఇంతే: అగ్నివీర్ చనిపోతే ఇప్పుడు ఇచ్చేవన్నీ అలాగే ఇవ్వండి, దాంతోపాటు అతని తల్లికో భార్యకో బతికున్నంత కాలం నెలకి ఇంత అని సొంత ఖాతాలో పడేలా చూడండి, మళ్ళీ పెళ్ళి చేసుకున్నా ఆపకండి.